మద్దెల వదిలిన ఖాళీ

సత్యభామను పెనిమిటి పేరు అడుగుతుంది మాధవి. అడగడం తేలికే. భామ చెప్పదు. కట్టుకున్నవాడి పేరు నోటితో పలకకూడదన్నది ఆడవాళ్ళకు నేర్పిన మర్యాద. పైగా ఆవిడ సత్రాజిత్తు కూతురు, నిలువెల్లా అతిశయం. చెప్పమని ఒకరు, చెప్పనని ఒకరు. అక్కడ జరిగేది ఇంతే. అయినా తూర్పు భాగోతంలో ఈ ఒక్క ఘట్టం పావుగంటలో అయిపోవచ్చు, గంటసేపైనా సాగొచ్చు. ఎంతసేపు సాగాలన్నది ఏ ప్రతిలోనూ రాసి ఉండదు. అది పందిట్లో కూర్చున్న జనం మొహాల్లో ఉంటుంది, మద్దెలగాడి చేతుల్లో ఉంటుంది, ఆ పూట మాధవి వేషం కట్టినవాడి చెవుల్లో ఉంటుంది.

ఆ చెవులు ఎలా తయారవుతాయన్నదే నాకు చాలాకాలంగా ఆసక్తి.

అప్పటికప్పుడు మాట పుట్టించే శక్తిని మనవాళ్ళు వరంగా లెక్కిస్తారు. వాడి నాలిక మీద సరస్వతి ఉంది అని తేల్చేస్తారు. ఆ మెచ్చుకోలులో ప్రేమ ఉంది గానీ, ఆ మనిషి పడ్డ పాటు అందులో కనిపించదు. పొందూరు ఖద్దరు ఎంత సన్నగా ఉందో అని ముచ్చటపడేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేసే ఆడవాళ్ళ చేతులను తలుచుకునేవాళ్ళు కొద్దిమందే. ఆశువు కూడా అలాంటి పనే. దువ్వాలి, ఏకాలి, వడకాలి. జనం ముందుకొచ్చేది బట్ట మాత్రమే.

తూర్పు భాగోతం చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. కూచిపూడి భామాకలాపం తెలుగునాట అందరికీ తెలిసినదే, సిద్ధేంద్రయోగి పేరుతో చెప్పుకుంటాం. ఉత్తరాంధ్రలో అదే సత్యభామ కథ వేరే నడక నేర్చుకుంది. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో అమ్మవారి పండగలకీ తీర్థాలకీ తెల్లవార్లూ ఆడతారు. అడుగు బరువుగా, నేలను గట్టిగా పట్టుకుని పడుతుంది. గొంతు పై స్థాయిలో, ఊరి చివరి అరుగు దాకా వినిపించేలా సాగుతుంది. మద్దెల ఇక్కడ ఒక మూల ఒదిగి కూర్చోదు. నడుముకు కట్టుకుని నిలబడి వాయిస్తాడు మద్దెలగాడు. చాలా మేళాల్లో ఇద్దరుంటారు. భామ కదిలితే వాళ్ళూ కదులుతారు, ఎదురొస్తారు, కవ్విస్తారు. ఒకప్పుడు భామ వేషం మగవాళ్ళే కట్టేవారు, ఇప్పుడు ఆడపిల్లలూ గజ్జె కడుతున్నారు.

మొదట తెర లేస్తుంది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న గుడ్డ, దాని వెనకాల భామ. తెర మీదుగా ఇవతలికి జడ పడుతుంది. విద్యలో నన్ను ఓడించగలవాళ్ళుంటే రండి, ఈ జడ కోసి ఇస్తాను అని దానికి అర్థం చెబుతారు పెద్దలు. ఆ జడను అందం కోసం వేసిన వేషభాగంగా చూస్తే అసలు సంగతి జారిపోతుంది. మొహమైనా చూపించకముందే నటుడు తన మీద తానే పందెం కాసుకున్నాడు. రాత్రంతా ఎవరేమడిగినా, మద్దెల ఏ నడకలోకి మళ్ళినా తప్పుకుపోయే దారిని తన చేతులతోనే మూసేసుకున్నాడు. ఆశువు నేర్చుకోవాలనుకునేవాడు మొదట ఈ తెర వెనక నిలబడాలి. ఓడిపోవడానికి సిద్ధపడని మనిషి నోట కొత్త మాట పుట్టదని నేను నమ్ముతాను. అతను తెలిసిన మాటల చాటునే ఉండిపోతాడు.

ఇక పేరు ఘట్టం. దీన్ని కాస్త విప్పి చూడాలి.

కలాపంలో మారనివి చాలా ఉన్నాయి. దరువులు మారవు, కందార్థాలు మారవు, పద్యాలు మారవు, వాటి రాగతాళాలు మారవు. ఇవన్నీ గట్లు. గట్టుకూ గట్టుకూ మధ్య మాత్రం మాటను వదిలేస్తారు. మాధవి వేషం కట్టినవాడు అక్కడ ఒకే ఒంటి మీద నాలుగు కొలువులు చేస్తుంటాడు. మేళాన్ని నడిపే సూత్రధారుడు తనే, చెలికత్తె తనే, హాస్యగాడు తనే, జనం తరఫున అడిగేవాడూ తనే. మచ్చుకు నా మాటల్లో రాస్తున్నాను. మీ ఆయన పేరేటమ్మా అంటాడు. భామ తల దించుతుంది. నల్లగా ఉంటాడా, ఎర్రగా ఉంటాడా? పసులు కాస్తాడా, పల్లకీలో వస్తాడా? ముందు వరసలో తలపాగా చుట్టుకుని కూర్చున్న ఈ బావులా ఉంటాడా? పందిరి ఘొల్లుమంటుంది. ఆ తలపాగా పెద్దమనిషి ఇక తెల్లారేదాకా కథలో మనిషే.

నవ్వులో పడి మనం గమనించం గానీ, ఇక్కడ పనితనం అంచెలంచెలుగా ఉంది. మాధవి ఎన్ని ప్రశ్నలు వేసినా కోరిక ఒక్కటే, ఆ పేరు బయటికి రావాలి. ఆ కోరికకు తగలని చమత్కారం ఎంత బాగున్నా మంచి మాధవి దాన్ని వాడడు. అలాగే ఒకసారి వాడిన మాటను పారెయ్యడు. కృష్ణుడికి ఉత్తరం పంపే ఘట్టం వచ్చినప్పుడు, ఈ ఉత్తరం ఎవరి చేత పంపుదామమ్మా అని చూపు మెల్లగా ఆ తలపాగా మీదికి తిప్పాడనుకోండి, ఒక్క మాటైనా అనక్కర్లేదు, ఎప్పుడో వేసిన విత్తనం అక్కడ మొలకెత్తుతుంది. కొత్త మాట పుట్టించడం కన్నా పాత మాటను సరైన చోట తిరిగి ఎత్తుకోవడం కష్టం. దానికి ఇంతవరకూ జరిగినదంతా తలలో ఉండాలి.

భామ వేషగాడి పని ఇంకా సూక్ష్మం. అతను కాదనాలి. ఊరికే కాదంటే ఘట్టం చచ్చిపోతుంది. చెప్పను, చెప్పను, చెప్పను అని మూడుసార్లంటే నాలుగోసారికి జనం చుట్టలు వెలిగిస్తారు. కాబట్టి అతను కాదంటూనే ఏదో ఒకటి ఇవ్వాలి. పేరు చెప్పకుండా కన్ను ఒకసారి నెమలి పింఛం ఉండే చోటికి వెళ్ళాలి. సిగ్గుపడుతూనే వేళ్ళు పిల్లనగ్రోవి పట్టినట్టు వంగాలి. మాధవి ఆ వేళ్ళు పట్టుకుని, ఓహో వంకర చేతులవాడా, అనేందుకు వీలు దొరకాలి. ప్రతి నిరాకరణలోనూ అవతలివాడికి ఒక కొస అందించడం, ఇదీ భామ వేషంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే పనితనం. మనం రోజువారీ మాటల్లో కాదు అన్నప్పుడు తలుపు వేసేస్తాం. మంచి భామ తలుపు వేస్తూ గొళ్ళెం తీసే ఉంచుతుంది.

ఈ మాటంతా ఎక్కడో దిగాలి. దరువు దగ్గర దిగాలి. భామ తర్వాతి దరువు ఎత్తుకోవడానికి ముందు ఒక మాట ఉంటుంది, అది వినగానే వంత పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకోవాలి, మద్దెల సిద్ధం కావాలి. ఎంత దూరం తిరిగొచ్చినా ఆ మాట దగ్గరికి చేరాల్సిందే. కొత్తగా వేషం కట్టిన కుర్రవాడు జనం నవ్వుతున్నారు కదా అని మాటలు పొడిగించుకుంటూ పోయి, వెనక్కి దారి తెలియక నిలబడిపోవడం నేను చూశాను. ఆ క్షణంలో అతన్ని గట్టెక్కించేవాడు మద్దెలగాడే.

మద్దెల గురించి ఎక్కువ రాయాలి. ఎందుకంటే ఈ విద్యలో అసలు గురువు అది.

భామ జతులు ఆడుతుంటే మద్దెల ముక్తాయింపు ఇస్తుంది. అదే మాటను తిప్పి తిప్పి చెప్పి, సమం మీద వచ్చి వాలి, ఆగుతుంది. ఆగిన తర్వాత ఒక ఖాళీ ఉంటుంది. మాటకు చోటు ఆ ఖాళీలోనే. మద్దెల పలుకుతుండగా అన్న మాట ఎంత గొప్పదైనా గాలికి పోతుంది. ఆ ఖాళీ ఎంత ఉండాలో మద్దెలగాడు చూసి కొలుస్తాడు. నటుడు తడబడుతున్నాడని తెలిస్తే చిన్న జతి ఒకటి వేసి ఆ తడబాటును కప్పేస్తాడు, జనం అది ఆటలో భాగమే అనుకుంటారు. నటుడి మొహంలో ఏదో చమత్కారం ఉడుకుతోందని కనిపెడితే చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆగుతాడు. మాట పడ్డాక ఒక్క దెబ్బ. ఆ దెబ్బ రెప్పపాటు ముందు పడితే నవ్వు నలిగిపోతుంది, రెప్పపాటు ఆలస్యమైతే నవ్వు చల్లారిపోతుంది. ఆ దెబ్బ వేసేవాడికి భామ దరువులన్నీ వచ్చు, మాధవి ఎత్తులన్నీ తెలుసు. ఒక్క మాటా పలకకుండా ఆ సంభాషణ మొత్తాన్ని నడుపుతాడు.

కొన్నేళ్ళ కిందట బొబ్బిలి వైపు ఒక ఊళ్ళో కుర్రకారుకు మూడు రోజుల శిక్షణ తరగతి పెడితే వెళ్ళి కూర్చున్నాను. బడి సెలవులు, బడి వరండా, పదిహేనుమంది లోపు పిల్లలు. నేర్పడానికి వచ్చినాయన మద్దెల వాయించే పెద్దమనిషి. పిల్లలంతా తాతా అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను. నటన నేర్చుకుందామని వచ్చిన పిల్లలకు మొదటి రోజంతా ఆయన మాటే ఇవ్వలేదు. మద్దెల వాయిస్తుంటే నడవండి, ఆపగానే ఆగండి అన్నారు, అంతే. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది. మొదటి గంటలో ఒక్కరూ సరిగ్గా ఆగలేకపోయారు. కొందరు ఒక అడుగు ఎక్కువేశారు, కొందరు ఆపుతాడేమోనని ముందే ఆగిపోయారు. సాయంత్రానికి సంగతి మారింది. మద్దెల ఆగబోతోందని ఎలా తెలిసిందో చెప్పలేరు గానీ అందరి పాదాలూ ఒక్కసారే ఆగుతున్నాయి. ఆగినప్పుడు నేలకేసి చూడొద్దు, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ కళ్ళలోకి చూడండి అన్నారు అప్పుడు. దానితో ఆ వరండా ఒక్కసారిగా రంగస్థలం అయిపోయింది. అంతసేపూ నడుస్తున్న ఒంటరి మనుషులు ఇప్పుడు ఇద్దరిద్దరుగా ఉన్నారు.

రెండో రోజు మాట ఇచ్చారు. అవతలివాళ్ళ ఆఖరి మాట ఏదో దానితోనే నీ మాట మొదలెట్టాలి. సంతకెళ్ళొచ్చాను, ఎద్దు దొరకలేదు అని ఒకడంటే, దొరకలేదా, దొరకలేదని మీ అమ్మతో ఎలా చెప్తావురా అని రెండోవాడు అందుకోవాలి. ఈ చిన్న నియమం చేసే మేలు పెద్దది. ఆఖరి మాట వినిపించేదాకా నీ జవాబు నువ్వు తయారు చేసుకోలేవు. ముందే అనుకుని పెట్టుకున్నదంతా వదులుకోవాలి. చురుకైన పిల్లలే అందరికన్నా ఎక్కువ ఇబ్బందిపడ్డారు. వాళ్ళ దగ్గర నిలవ ఎక్కువ మరి.

నన్నూ లేపారు. నేను మాధవి, పదో తరగతి అబ్బాయి భామ. పేరు అడిగే ఘట్టం నాకు కొట్టినపిండి అనుకున్నాను. ఒక మంచి మాట అట్టిపెట్టుకుని ఉన్నాను, మద్దెల ఇంకా మోగుతుండగానే అది అనేశాను. ఎవరికీ వినపడలేదు. రెండోసారి అన్నాను, వినపడింది, ఎవరూ నవ్వలేదు. తాత మద్దెల మీద చెయ్యి ఆన్చి నెమ్మదిగా అన్నారు, మాస్టారూ, ఆ మాట ఇంటికాడ వండుకొచ్చారు, మంచిదే, ఇక్కడ ఆకలెవరికో సూసుకోలేదు. నేను ఇన్నేళ్ళలో నాటకం గురించి విన్న మాటల్లో దీనికి సాటి వచ్చేవి చాలా తక్కువ.

ఆ వరండాలో ఆటలకు దూరదేశాల్లో చుట్టాలున్నారు. అమెరికాలో షికాగో నగరంలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు నాటకం నేర్పే పనిలో ఉండి, ఉపన్యాసం చెబితే వాళ్ళకు ఎక్కడం లేదని ఆటలు కనిపెట్టింది. నీవా బోయిడ్ అనే గురువు దగ్గర నేర్చుకున్న పిల్లల ఆటలే దానికి పునాది. ఆ ఆటలన్నీ 1963లో పుస్తకంగా వచ్చాయి. ఆవిడ కొడుకు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో షికాగోలో సెకండ్ సిటీ అనే రంగస్థలాన్ని పెట్టాడు, ఆశునాటకానికి అది ప్రపంచమంతా పేరున్న చోటు అయింది. ఇంగ్లండులో కీత్ జాన్‌స్టన్ లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో నటులకు నేర్పుతూ, తెలివిగా ఉండాలని ప్రయత్నించడమే నటుడికి పెద్ద అడ్డని గ్రహించాడు. అతని పుస్తకం 1979లో వచ్చింది. అవతలివాడు ఇచ్చినదాన్ని ముందు ఒప్పుకో, ఆపైన నీది చేర్చు అన్నది ఇప్పుడు ఎక్కడ వర్క్‌షాప్ పెట్టినా మొదటి రోజు చెప్పే సూత్రం. వాళ్ళ పని మీద నాకు గౌరవం ఉంది. నేర్పే పద్ధతిని విడదీసి, ఎవరైనా ఎక్కడైనా చేసుకోగలిగేలా కాగితం మీద పెట్టారు. మన మేళాల విద్య కాగితం మీదికి ఇంతగా ఎక్కలేదు. మేళంలో పుట్టి పెరిగినవాడికి తాళం పట్టుకుని ఏళ్ళ తరబడి వంత పాడుతుంటే అదే వచ్చేది. మేళంతో సంబంధం లేని పిల్లవాడికి నేర్పాలంటే ఆ పద్ధతిని ఇలా మూడు రోజుల ముక్కలుగా కొయ్యక తప్పదు. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, ఏకాండి అంటారు. మేళంలో చదువు అలాంటిది. వర్క్‌షాప్ చదువు అతుకులు పెట్టి చేసేది. అతుకు బాగా కుదిరితే అదీ పలుకుతుంది. ఆ వరండాలో అది పలకడం విన్నాను.

విజయనగరం చుట్టుపక్కల ఆశువు గురించి మాట్లాడుతూ ఆదిభట్ల నారాయణదాసు గారిని దాటిపోలేం. 1864 ఆగస్టు 31న బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టారు. 1883లో కుప్పుస్వామి నాయుడనే ఆయన విజయనగరంలో చెప్పిన హరికథ విని, ధ్రువచరిత్ర రాసుకుని తానూ గజ్జె కట్టారు. ఆ తర్వాత 1945 జనవరి 2న కన్నుమూసే నాటికి హరికథా పితామహుడన్న పేరు ఆయనకే స్థిరపడిపోయింది. మనం ఆయన పాండిత్యం గురించి ఎక్కువ చెప్పుకుంటాం, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చిన మనిషి కాబట్టి అది సహజమే. నన్ను కట్టిపడేసేది మాత్రం పంచముఖి. రెండు చేతులతో రెండు, రెండు కాళ్ళతో రెండు, తలతో ఒకటి, అయిదు తాళాలు ఒక్కసారే వేసేవారు. దాన్ని గారడీలా చెప్పుకుని ఆశ్చర్యపోతారు జనం. నాకది సాధనలా కనిపిస్తుంది.

ఎందుకంటే హరికథ చెప్పేవాడి అవస్థ అదే. మెడలో దండ, చేతిలో చిరతలు, కాళ్ళకు గజ్జెలు, పక్కన వయొలిన్, మృదంగం. రాముడూ తనే, రావణుడూ తనే, మధ్యలో వ్యాఖ్యానం చెప్పేవాడూ తనే. పాడుతూ ఉండగా మూడో వరసలో పిల్లాడు ఏడుస్తాడు, వెనక ఇద్దరు లేచి వెళ్తుంటారు, మృదంగం ఆయన కొత్త నడక ఒకటి ఎత్తుకుంటాడు. వీటన్నిటినీ వింటూ, ఒకదాన్ని పట్టుకుని అప్పటికప్పుడు పిట్టకథ ఎత్తుకోవాలి. పిట్ట ఎంత దూరమైనా ఎగరొచ్చు, చివరికి అదే కొమ్మ మీద వాలాలి, వదిలిన రాగమే అందుకోవాలి. ఒంట్లో అయిదు చోట్ల అయిదు లెక్కలు నడుస్తున్నా నడుమ ఎక్కడో ఒకచోట నిశ్చలంగా ఉండడం అలవాటైన మనిషికి ఇది సాధ్యం. తూర్పు భాగోతంలో నటుడూ మద్దెలగాడూ ఇద్దరు మనుషులు. దాసుగారిలో ఇద్దరూ ఒక్కరే. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు తొలి అధ్యక్షుడిగా ఆయన్నే కూర్చోబెట్టారు. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఘంటసాల, పి. సుశీల ఆ మెట్లెక్కినవాళ్ళే.

దాసుగారు అవధానాలూ చేశారు. అవధానం ముచ్చట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం పలకగానే పృచ్ఛకుడు తర్వాత రాబోయే అక్షరాన్ని ఊహించి, అది వద్దంటాడు. అవధాని మరో దారిలో వెళ్ళాలి. మళ్ళీ వద్దంటాడు. అడ్డు తగిలేకొద్దీ పద్యం మలుపులు తిరుగుతూ ముందుకే పోతుంది. పేరు చెప్పనని భామ అడ్డుపడే కొద్దీ మాధవికి మాట పుట్టడం లాంటిదే ఇది. ఇక అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడున్నాడు చూశారూ, పద్యం మధ్యలో దూరి సంబంధం లేని ప్రశ్నలడిగేవాడు, అతను పండిత సభలో కూర్చున్న మాధవి. పల్లె పందిరికీ పండిత సభకూ మధ్య మనం ఊహించుకున్నంత దూరం లేదు.

గురజాడ కన్యాశుల్కం నాటకం కూడా విజయనగరంలోనే, 1892లో మొదటిసారి ఆడారు. అందులో గిరీశం, వెంకటేశం కలిసి వెంకమ్మ గారి ముందు ఇంగ్లీషు మాట్లాడే చోటు గుర్తుందా? పిల్లల పాటల ముక్కలు, వ్యాకరణం ముక్కలు, నోటికొచ్చిన పేర్లు. అర్థం సున్నా. అయినా గొంతు ఎత్తుదింపుల్లో గురుశిష్యుల గంభీర సంభాషణ మొత్తం వినిపిస్తుంది, ఆ తల్లి కడుపు నిండిపోతుంది. నాటక శిక్షణలో అర్థంలేని భాషలో సంభాషించే ఆట ఒకటి ఉంది, మాటను తీసేసి స్వరంతో, చూపుతో మాత్రమే విషయం అందించాలి. స్పోలిన్ పుస్తకంలోనూ అది ఉంది. గురజాడ దాన్ని అంతకు ఎన్నో ఏళ్ళ ముందే నాటకంలో రాసి పెట్టాడు. కళాశాల నాటక బృందాలకు ఆశువు నేర్పేవాళ్ళు ముందు ఆ రంగాన్ని చేయిస్తే బాగుంటుందని నా కోరిక. గిరీశం నోట అబద్ధమే ఎక్కువ, అయినా ఎదుటి మనిషికి ఏం కావాలో వినగల చెవి అతనికి ఉంది. తాత చెప్పిన ఆకలి సంగతి అతనికి బాగా తెలుసు.

జముకుల కథనూ ఇక్కడ తలుచుకోవాలి. జముకు ఒకవైపు తోలు మూసిన గుల్ల, తోలు నడుమ నుంచి ఒక నరం. నరాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే ధ్వని పైకీ కిందికీ జారుతుంది, ఒకసారి మనిషి నవ్వులా, ఒకసారి మూలుగులా. కథకుడు ఒక మాట అంటే వాద్యం ఔనంటుంది, లేదా ఎగతాళి చేస్తుంది. శ్రీకాకుళం ప్రాంతంలో బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఈ రూపాన్ని పట్టుకుని 1960ల్లో రైతుకూలీల కథలు చెప్పాడు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆయన రాజకీయాలతో ఎవరు ఏకీభవించినా లేకపోయినా, ఒక వాద్యం పలికే జవాబును నమ్ముకుని ఊరి ముందు నిలబడిన కళాకారుడిగా ఆయన్ని గుర్తుంచుకోవాలి. బుర్రకథలో హాస్యపు వంత చేసేదీ జముకు చేసే పనే. కథకుడి మాటను అడ్డగించి, ఆ ఊరి సంగతి ఒకటి లోపలికి లాగుతాడు.

మళ్ళీ ఆ శిక్షణ తరగతికి వస్తాను. మూడో రోజు సాయంత్రం బడి వరండా ముందు ఊరివాళ్ళు చేరారు. పొలం నుంచి వచ్చినవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, గోడ మీద కుర్రాళ్ళు. భామగా డిగ్రీ చదివే అమ్మాయి నిలబడింది. రెండు రోజులుగా ఆ పిల్ల తడుముకోకుండా జవాబులు చెబుతూ వచ్చింది, అందుకే భామ వేషం ఆమెకిచ్చారు. మాధవిగా ఉన్న అబ్బాయి అడిగాడు. నల్లనా, ఎర్రనా. ఆ పిల్ల చేతివేళ్ళు వంచింది, జనం నవ్వారు. ఇంకోటి అడిగాడు. ఆమె మొహం తిప్పుకుంది. తాత ముక్తాయింపు ఇచ్చి ఆపారు.

అమ్మాయి ఏమీ అనలేదు.

మరచిపోయిందనుకున్నాను. తాత చిన్న జతి ఏదో వేసి కాపాడతారని ఎదురుచూశాను. ఆయన చెయ్యి మద్దెలకు జానెడు ఎత్తున గాలిలోనే ఉంది. ఆయన ఆ పిల్ల మొహంలోకి చూస్తున్నారు. ఆ పిల్ల జనంలోకి చూస్తోంది. గోడ మీద కుర్రాళ్ళు కాళ్ళు ఊపడం మానేశారు. ఎంతసేపో నేను చెప్పలేను.

ముందు వరసలో ఒక ముసలావిడ ఇక ఆగలేకపోయింది. "ఓలమ్మా, సెప్పీయే, తెల్లారిపోతంది!"

జనం నవ్వడం మొదలెట్టేలోపు అమ్మాయి ఆవిడ వైపు రెండడుగులు వేసి, గొంతు తగ్గించి అడిగింది. "మామ్మా, మీ తాత పేరు నువ్వు సెప్తావేటి?"

ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

అప్పుడు పడింది మద్దెల మీద దెబ్బ.